రామచిలకను పెంచుకుందామా?

చిలకను చూస్తే పిల్లలు వదలరు. "అమ్మా, మనమూ ఒకటి కొందాం" అంటారు. మనకూ ఆశ పుడుతుంది. ఆకుపచ్చని ఒళ్లు, ఎర్రని ముక్కు! నేర్పితే మాటలు కూడా పలుకుతుంది. కొనే ముందు కొన్ని సంగతులు తెలుసుకుందాం.

చిలక బతుకు ఎలాంటిది?

రామచిలక గుంపులో బతికే పక్షి. పొద్దున్నే గుంపుగా మేతకు పోతుంది. పొద్దుగూకితే గుంపుతోనే చెట్టుకు చేరుతుంది. జామ, మామిడి, జొన్నకంకులు దాని తిండి.

మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగు పట్టీ ఉంటే అది మగచిలక. ఆడచిలకకు ఆ పట్టీ ఉండదు. ఆడచిలక చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. సుమారు 3 వారాలు పొదుగుతుంది. ఆ రోజుల్లో మగచిలక మేత తెచ్చి పెడుతుంది. పుట్టిన పిల్లలు ఎగరడానికి ఇంకో 7 వారాలు పడుతుంది.

అమ్మే చిలకలు ఎక్కడివి?

వేటగాళ్లు తొర్రలో చెయ్యి పెట్టి, రెక్కలు రాని పిల్లలను తీస్తారు. బుట్టల్లో కుక్కి బజారుకు తెస్తారు. దారిలోనే ఎన్నో చచ్చిపోతాయి. మిగిలినవాటి రెక్కలు కత్తిరిస్తారు. మనం ఒక చిలకను కొంటే, వాళ్లు ఇంకో తొర్ర వెతుకుతారు.

పంజరంలో ఏమవుతుంది?

పంజరంలో చిలకకు గుంపు ఉండదు. అందుకే మనుషులనే తన గుంపు అనుకుంటుంది. మన మాటలే పలుకుతుంది. తోడు లేక దిగులు పడితే, తన ఈకలు తానే పీక్కుంటుంది. చిలక 20 ఏళ్లకు పైగా బతకగలదు. అన్నేళ్లూ ఆ కమ్మీల మధ్యనే ఉండాలి.

మన ఆరోగ్యం సంగతి కూడా ఉంది. జబ్బు చేసిన చిలక రెట్ట ఎండి, దుమ్ములో కలుస్తుంది. ఆ దుమ్ము పీలిస్తే మనకు జ్వరం, దగ్గు, ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు.

చట్టం ఏమంటుంది?

అడవి ప్రాణుల రక్షణకు 1972లో చట్టం వచ్చింది. దాని ప్రకారం రామచిలకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం నేరం. జైలు శిక్ష, జరిమానా పడవచ్చు. "అందరూ పెంచుతున్నారు కదా" అంటే కుదరదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో రామచిలకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది.

లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే చిన్న పక్షులు వేరు. వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. వాటిని పెంచడం నేరం కాదు. అయితే వాటికీ తోడు, చోటు, శుభ్రత కావాలి.

మరి మనం ఏం చేయాలి?

ఇంట్లో ఇప్పటికే చిలక ఉంటే ఉన్నపళంగా వదిలేయకండి. రెక్కలు కత్తిరించిన చిలక ఎగరలేదు. పిల్లి పాలవుతుంది. అటవీ శాఖ వాళ్లకు అప్పగించండి. దెబ్బ తగిలిన చిలక దొరికినా వాళ్లకే చెప్పండి.

చిలకలు కావాలంటే పెరట్లో జామచెట్టు వేయండి. మూకుడులో నీళ్లు పెట్టండి. తొర్ర ఉన్న పాత చెట్టును కొట్టనివ్వకండి. చిలకలు వాటంతట అవే వస్తాయి. ఒకటి కాదు, గుంపే వస్తుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. చిలక మన మాటలు ఎందుకు పలుకుతుంది?
2. చిలకలమ్మే మనిషి మీ ఊరికి వస్తే ఏమంటారు?
3. మీ ఊళ్లో తొర్ర ఉన్న చెట్లు ఎన్ని ఉన్నాయి? లెక్క రాయండి.