నీటిమర: పెత్తనపు గురుతు నుంచి ప్రణయ ప్రతీక దాకా

ఐరోపా సాహిత్య, చిత్రకళల్లో నీటిమర అనగానే సెలయేరు, నాచు పట్టిన చక్రం, ఆ ఒడ్డున విరహంతో తిరిగే యువకుడు స్ఫురిస్తారు. పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో బలపడిన భావచిత్రమిది. అంతకుముందు శతాబ్దాలపాటు గ్రామీణులు ఆ మరలో ప్రధానంగా ప్రభువు పెత్తనాన్నే చూశారు.

ఇంగ్లండు చరిత్రలో ఇందుకు ఆధారాలు బలంగా ఉన్నాయి. 1086 నాటి డూమ్స్‌డే గ్రంథంలో దాదాపు 6,000 మరలు రాబడినిచ్చే ఆస్తులుగా లెక్కకెక్కాయి. అనేక భూస్వామ్య గ్రామాల్లో రైతు తన ధాన్యాన్ని ప్రభువు మరలోనే పట్టించుకుని, అందులో కొంత వాటా చెల్లించుకోవాలి. ఇంట్లో తిరగలి ఉండటం ఆ హక్కుకు భంగమే. సెయింట్ ఆల్బన్స్ మఠాధిపతి రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ 1330ల తొలినాళ్లలో పట్టణవాసుల తిరగళ్లను జప్తు చేయించి, ఆ రాళ్లను మఠంలో నేలకు పరిపించాడు. 1381 రైతాంగ తిరుగుబాటులో జనం వాటిని పెకలించి, ముక్కలు చేసి, ప్రసాదంలా పంచుకున్నారు. తిరగలి పాటల్లో స్త్రీల శ్రమను వినే తెలుగు పరిశోధకులకు, ఆ తిరగలే ఇక్కడ స్వేచ్ఛకు గురుతు కావడం వింతగా తోచవచ్చు. చాసర్ రాసిన రీవ్ కథలో మర యజమాని పిండి దొంగగా కనిపించడం ఈ నేపథ్యంలో సహజమే.

1786లో లండన్‌లో ఆవిరియంత్రంతో నడిచే ఆల్బియన్ పిండిమర మొదలైంది. అది 1791లో కాలిపోయినప్పుడు పాత మరలవారు సంబరపడ్డారు. ఆవిరి రాగానే నీటిమరలు మూతపడలేదు గాని, వాటికి పాతకాలపు వస్తువులన్న ముద్ర పడసాగింది. ప్రణయ కల్పనకు దారి ఇచ్చింది ఈ ముద్రేనని భావించవచ్చు.

అయితే కళాకారులందరూ మరను ఒకే దృష్టితో చూడలేదు. చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ తండ్రి ఫ్లాట్‌ఫర్డ్ మరను నడిపిన ధాన్య వర్తకుడు. 1816-17లో గీసిన ‘ఫ్లాట్‌ఫర్డ్ మర’ చిత్రంలో మర దూరాన ఉంటుంది. ముందుభాగమంతా సరుకు పడవలు, వాటిని లాగే గుర్రం, దానిపై కుర్రవాడు. ఇది పనిని ఎరిగినవాడి చిత్రం. తరవాతి తరాలు దానిలో ప్రశాంతతనే వెతుక్కున్నాయి.

జర్మన్ కవి విల్హెల్మ్ ముల్లర్ గేయమాల మరో దారి పట్టింది. షూబర్ట్ 1823లో వాటిలో ఇరవైంటికి స్వరాలు కూర్చాడు. మరలో పని వెతుక్కుంటూ వచ్చిన యువకుడు యజమాని కూతురిని ప్రేమిస్తాడు. ఆమె వేటగాడి వైపు మొగ్గుతుంది. ధాన్యపు వాటాల లెక్కలకు ఇక్కడ తావు లేదు. వాగే అతని నెచ్చెలి. చివరి గేయంలో అతన్ని తన ఒడిలో పడుకోబెట్టుకుని జోల పాడేదీ అదే.