డిక్కీలో బేస్, బానెట్ కింద ఫ్యూజు

కారు డెకార్స్ షాపుకి వెళ్లి సబ్ వూఫర్ కావాలనగానే వచ్చే మొదటి ప్రశ్న "ఎన్ని ఇంచులు సార్?" దాని వెనకే రెండోది, "ఎన్ని వాట్లు?" అట్టపెట్టె మీద వెయ్యి, పద్దెనిమిది వందలు అని అంకెలు తళతళలాడుతుంటాయి. 1990లలో టేప్ రికార్డర్ల మీద ఉబ్బించిన పీఎంపీఓ వాట్ల స్టిక్కర్లు చూసి మురిసిపోయిన తరం మనది. ఆ మురిపెం ఇంకా వదల్లేదు. నిజానికి కంపెనీ స్టీరియోకి బేస్ జోడించే పనిలో అంగుళాలూ వాట్లూ చివర్లో తేల్చుకోవాల్సిన సంగతులు. కరెంటు ఎలా వస్తుంది, సిగ్నల్ ఎక్కడ తీస్తారు, స్పీకరు ఏ పెట్టెలో కూర్చుంటుంది అన్నవి ముందు తేలాలి.

అసలు కంపెనీ స్టీరియోలో లోటేమిటి? మన చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మీటితే పుట్టేది 41 హెర్ట్జ్ ధ్వని. డోర్లలో ఉండే ఆరున్నర అంగుళాల స్పీకరు 80 కిందికి దిగేసరికే నీరసపడుతుంది. అయినా ఆ స్వరం మనకు వినిపిస్తున్నట్టే ఉంటుంది. ఎందుకంటే ఆ తీగ 41తో పాటు 82, 123 లాంటి రెట్లనూ పలికిస్తుంది. వాటిని విన్న మెదడు కింద ఉండాల్సిన స్వరాన్ని తానే పూరించుకుంటుంది. స్వరం ఏదో తెలుస్తుంది, దాని బరువు మాత్రం తెలియదు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఒక్కోసారి గాయకుడికి సమానంగా నడుస్తుంది. ఆ పాటలు చిన్న స్పీకర్లలోనే వింటూ పెరిగినవాళ్లు మంచి సబ్ వూఫర్ మీద విన్నప్పుడు "ఈ పాటలో ఇదీ ఉందా!" అని ఆశ్చర్యపోవడం అందుకే.

చిన్న స్పీకరు ఆ లోతుకి ఎందుకు దిగలేదో లెక్క వేస్తే తెలుస్తుంది. ధ్వని తీవ్రత అంతే ఉండాలంటే, ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ స్పీకరు కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకీ వెనక్కీ కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు కదిలితే సరిపోయిన కోన్, 40 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కదలాలి. డోర్ స్పీకరుకు అంత చోటు ఉండదు. పన్నెండు అంగుళాల వూఫర్ వైశాల్యం దానికి సుమారు మూడున్నర రెట్లు కాబట్టి తక్కువ కదలికతోనే అంత గాలినీ నెట్టగలదు. దీనికి తోడు మన చెవే బేస్ విషయంలో మందం. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు: ఒకే గట్టిదనంతో వినిపించాలంటే కింది స్వరాలకు చాలా ఎక్కువ శక్తి పెట్టాలి. పైగా కారు పరుగెత్తుతుంటే టైర్ల రొద, ఇంజిన్ రొద ఎక్కువగా ఆ కింది మెట్లలోనే ఉంటాయి. ఉన్న కాస్త బేస్‌నీ రోడ్డు మింగేస్తుంది.

ఇక స్టీరియో మీద రాసి ఉండే "50 వాట్లు × 4" సంగతి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు వైరింగ్‌లో దాదాపు 14.4 వోల్టులు ఉంటాయి. దాన్ని దానితోనే గుణించి స్పీకరు 4 ఓములతో భాగిస్తే 52 వస్తుంది. ఆ 50 పుట్టింది అక్కడే. ధ్వని తరంగం పూర్తిగా చితికిపోయి చతురస్రంగా మారితే తప్ప ఆ అంకె రాదు. శుభ్రమైన తరంగానికి సిద్ధాంతం ప్రకారమే 26 వాట్లు హద్దు. ఆచరణలో వచ్చేది పదిహేను నుంచి ఇరవై. అందుకే వూఫర్‌ను నడిపే యాంప్ (యాంప్లిఫయర్) అయినా, వూఫర్ అయినా నిలకడైన శక్తిని చెప్పే "ఆర్ఎంఎస్" అన్న మాట పక్కనున్న అంకెనే చూడాలి. "మ్యాక్స్", "పీక్" పక్కన ఉన్నవి షాపు గోడకు అలంకారాలు.

పాత కార్లలో అయితే స్టీరియోనే పీకేసి కొత్తది పెట్టేవాళ్లు. ఇప్పటి కార్లలో ఆ తెరలోనే వెనక కెమెరా, స్టీరింగ్ బటన్లు, కొన్నిట్లో ఏసీ సెట్టింగులు కూడా ముడిపడి ఉన్నాయి. దాన్ని కదపకుండా వెనకనుంచి పని కానివ్వడమే తెలివి. అయితే చాలా కంపెనీ స్టీరియోలకు వెనక యాంప్‌కు ఇచ్చే ఆర్‌సీఏ సాకెట్లు ఉండవు. కాబట్టి స్పీకర్లకు వెళ్లే తీగల నుంచే సిగ్నల్ తీయాలి. యాంప్‌లో "హై లెవెల్ ఇన్‌పుట్" ఉంటే నేరుగా ఇచ్చేయొచ్చు. లేకపోతే మధ్యలో లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ అనే చిన్న పెట్టె పెట్టాలి.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. కారు స్టీరియోలో స్పీకరుకు వెళ్లే రెండు తీగల్లోనూ బ్యాటరీ వోల్టేజీలో సగం, అంటే ఆరేడు వోల్టులు, ఎప్పుడూ నిలబడి ఉంటాయి. నలుపు చార ఉన్నది మైనస్ కదా, బాడీకి కలిపేద్దాం అని ఎర్త్ చేశారంటే స్టీరియో లోపలి ఐసీ కాలిపోవచ్చు. విచిత్రమేమిటంటే ఆ సగం వోల్టేజీయే మరోచోట మేలు చేస్తుంది. స్టీరియో వెలగగానే ఆ వోల్టులు కనిపిస్తాయి కాబట్టి, వాటిని పసిగట్టి తనంత తానే ఆన్ అయ్యే యాంప్‌లు ఉన్నాయి. ఆ సౌకర్యం లేనిదానికి రిమోట్ తీగ ఒకటి ఫ్యూజు బాక్సు దాకా లాగాలి, అదీ తాళం తీస్తే కరెంటు ఆగిపోయే పాయింటుకి. తప్పు పాయింటుకి కలిపితే యాంప్ రాత్రంతా మేలుకుని ఉంటుంది. పొద్దున సెల్ఫ్ కొడితే టకటక తప్ప మరేమీ ఉండదు.

స్టీరియో తీగలు కోయనివ్వకండి. కోసిన తీగ కనిపిస్తే వారంటీ దగ్గర కంపెనీతో వాదన తప్పదు. చాలా మోడళ్లకు కంపెనీ సాకెట్టుకు సరిపోయే కప్లర్లు విడిగా దొరుకుతాయి. వాటిని మధ్యలో తగిలిస్తే కారు అమ్మేటప్పుడు విప్పుకోవచ్చు కూడా.

కరెంటు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 300 వాట్ల ఆర్ఎంఎస్‌ను 4 ఓముల వూఫర్‌లోకి పంపాలంటే 35 వోల్టులు దాకా కావాలి. కారులో ఉన్నవి 14. అందుకే యాంప్ లోపల వోల్టేజీని పెంచే సర్క్యూట్ ఉంటుంది. పెంచిన వోల్టేజీకి బదులుగా అది బ్యాటరీ నుంచి ఎక్కువ ఆంపియర్లు గుంజుతుంది. డి-క్లాస్ యాంప్ ఎనభై శాతం పైన సామర్థ్యంతో పనిచేస్తుంది కాబట్టి పూర్తి శక్తితో మోగేటప్పుడు సుమారు 27 ఆంపియర్లు తీసుకుంటుంది. పాత ఏబీ-క్లాస్ అయితే నలభై దాటుతుంది, మిగిలినదంతా వేడి. రెండు హాలోజన్ హెడ్‌లైట్లు కలిపి తీసుకునేది తొమ్మిది ఆంపియర్ల దరిదాపుల్లో అని గుర్తుంచుకుంటే ఈ అంకెల బరువు అర్థమవుతుంది. పాట నడిచే తీరులో సగటు చాలా తక్కువే ఉంటుంది గానీ, ప్రతి దరువు దగ్గరా ఆ పోటు వస్తుంది. దరువుకి హెడ్‌లైట్లు మినుకుమంటుంటే తీగ సన్నదనో, ఎర్త్ సరిగా లేదనో, ఆల్టర్నేటర్ తట్టుకోలేకపోతోందనో అర్థం.

ఇంత కరెంటును సిగరెట్ లైటర్ సాకెట్ నుంచో, స్టీరియో వెనకున్న సన్న తీగ నుంచో తీయకూడదు. బ్యాటరీ ప్లస్ నుంచి డిక్కీ దాకా విడిగా ఒక తీగ రావాలి. 300 వాట్ల స్థాయికి 8 గేజ్, అంటే సుమారు 8 చదరపు మిల్లీమీటర్ల రాగి. అంతకు రెట్టింపు వాట్లకు 4 గేజ్, అంటే 21 చదరపు మిల్లీమీటర్లు. చవక కిట్లలో వచ్చేది ఎక్కువగా రాగి పూత పూసిన అల్యూమినియం. దానికి నిరోధం రాగి కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. బొద్దుగా కనిపించే తీగల్లో సగం లావు పైనున్న ప్లాస్టిక్‌దే. కొనేముందు చివర కాస్త గీకి చూస్తే రాగి పూత కింద అల్యూమినియం తెల్లగా బయటపడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఫ్యూజు. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు అది ఉండాలి. యాంప్‌కు దాని సొంత ఫ్యూజు ఉంటుంది కదా అని కొందరు మెకానిక్‌లు దీన్ని వదిలేస్తారు. యాంప్‌లోది యాంప్‌ను కాపాడుతుంది. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా నాలుగైదు మీటర్లు పోయే తీగను ఏది కాపాడాలి? ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్యనున్న రేకు కన్నంలోంచి ఆ తీగ దూరుతుంది. అక్కడ రబ్బరు గ్రోమెట్ లేకపోతే రేకు అంచు ఇన్సులేషన్‌ను రోజూ కొంచెం కొంచెం కోస్తుంది. ఏదో ఒక రోజు రాగి బాడీకి తగిలిందంటే బ్యాటరీ వందల ఆంపియర్లను ఒక్కసారిగా వదులుతుంది. తీగ ఎర్రగా కాలుతుంది, పక్కనే కార్పెట్టూ సీటు స్పాంజీ ఉంటాయి. చిన్న ఫ్యూజు ఆ క్షణంలో తాను తెగిపోయి కారును నిలబెడుతుంది.

ఎర్త్ తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పెయింటు గీకి, మెరిసే రేకు మీద బోల్టు బిగించాలి. పెయింటు మీదే బిగిస్తే ఇంజిన్ వేగంతో పాటు హెచ్చే "కుయ్ఁ" మనే రొద స్పీకర్లలో మొదలవుతుంది. సిగ్నల్ తీగలను కారుకు ఒక పక్కన, కరెంటు తీగను మరో పక్కన లాగితే సగం రొద అసలు పుట్టదు.

ఇప్పుడు పెట్టె. స్పీకరు ముందుకి నెట్టిన గాలికీ, వెనక లాగిన గాలికీ మధ్య అడ్డు లేకపోతే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పన్నెండు అంగుళాల వూఫర్‌ను చేత్తో పట్టుకుని మోగిస్తే సెల్‌ఫోన్ లాగే వినిపిస్తుంది. గాలి దూరని మూసిన పెట్టెలో స్పీకరు బిగించి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకోవచ్చని 1954లో అమెరికన్ ఎడ్గర్ విల్చర్ చేసి చూపించాడు. ఏ స్పీకరుకు ఎంత పెట్టె కావాలో లెక్కగట్టే పద్ధతిని ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో మొదలుపెడితే, 1970లలో రిచర్డ్ స్మాల్ పూర్తి చేశాడు. వూఫర్ డబ్బాలో వచ్చే కాగితం మీద టీఎస్ పారామీటర్లు అని కనిపించేవి వీళ్లిద్దరి పేర్లే. ఆ కాగితం చూడకుండా "అన్నిటికీ సరిపోతుంది సార్" అని ఇచ్చే పెట్టె ఏదీ సరిపోదు.

మూసిన పెట్టెకు కారులో ఒక అదృష్టం ఉంది. గదిలో అయితే ఒక హద్దు కిందికి వెళ్లేకొద్దీ దాని ధ్వని ఆక్టేవ్‌కు (అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్ల చొప్పున పడిపోతుంది. కారు క్యాబిన్ చాలా చిన్నది. 40 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, కారులో అసలు పట్టదు. ఆ స్థితిలో స్పీకరు తరంగాలు పంపడం మానేసి క్యాబిన్ గాలి మొత్తాన్నీ నొక్కుతూ వదులుతూ ఉంటుంది. దాంతో కింది స్వరాలు ఇంచుమించు అదే లెక్కన పెరుగుతాయి. పడేదీ పెరిగేదీ చాలావరకు సరిపోతాయి. చిన్న మూసిన పెట్టె కారులో ఇంట్లో కన్నా లోతుగా పలకడానికి కారణం ఇదే. మనవాళ్లకు ఇష్టమైన బేస్ ట్యూబ్ రంధ్రమున్న రకం. తక్కువ వాట్లకే గట్టిగా మోగుతుంది గానీ, చవక రకాల్లో పాట ఏదైనా ఒకే స్వరం "ధుమ్ ధుమ్" అంటూ ఉంటుంది. పెళ్లి ఊరేగింపు డీజే కావాలంటే సరే, మృదంగం తొప్పి వైపు నాదం విడిగా వినిపించాలంటే మూసిన పెట్టే మేలు.

చోటు విషయం చెప్పాలంటే పన్నెండు అంగుళాల మూసిన పెట్టె లోపలి ఖాళీయే దాదాపు 28 లీటర్లు. దానికి చెక్క మందం అదనం. చిన్న హ్యాచ్‌బ్యాక్ డిక్కీ 250 లీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. సీఎన్‌జీ సిలిండర్ ఉంటే అదీ పోయింది. తిరుపతి ప్రయాణానికి సూట్‌కేసులు పెట్టాల్సిన ఇంటి కారుకు నా ఓటు సీటు కింద పెట్టే ఎనిమిది అంగుళాల యాక్టివ్ సబ్ వూఫర్‌కే. యాంప్ దానిలోనే ఉంటుంది, తీగలు తక్కువ, డిక్కీ ఖాళీగా మిగులుతుంది. గుండె అదరదు, పాట మాత్రం నిండుగా ఉంటుంది.

బిగించాక సరిచేయడం మిగిలింది. యాంప్ మీద "గెయిన్" అని ఉండే నాబ్‌ను చాలామంది రెండో వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు. అది స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కూ యాంప్‌కూ పొత్తు కుదిర్చేది మాత్రమే. ఎక్కువ తిప్పితే తరంగం తలలు తెగి వూఫర్ కాయిల్ కాలుతుంది. మల్టీమీటర్ ఉంటే సులువైన దారి ఉంది: వూఫర్ విప్పేసి, స్టీరియోలో బేస్ సున్నాలో ఉంచి, వాల్యూమ్ ముప్పావు వంతుకు పెట్టి, ఫోన్‌లో 50 హెర్ట్జ్ టోన్ మోగించండి. వాట్లను ఓములతో గుణించి వర్గమూలం తీయండి. 300 వాట్లు, 4 ఓములైతే 34.6. మీటరు ఏసీ వోల్టుల్లో అంత చూపేదాకా గెయిన్ తిప్పి ఆపండి. మన ఇంటి కరెంటు కూడా 50 హెర్ట్జే కాబట్టి చవక మీటరు కూడా దీన్ని నమ్మకంగా చూపిస్తుంది. కింది స్వరాలను మాత్రమే వూఫర్‌కు వదిలే లో పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర ఉంచితే చాలు. అంతకన్నా కింది ధ్వని ఎటునుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు, డిక్కీలోని వూఫర్ డాష్‌బోర్డులోంచి పలుకుతున్నట్టే ఉంటుంది. ఫేజ్ స్విచ్‌ను డ్రైవర్ సీట్లో కూర్చుని అటూ ఇటూ మార్చి, ఎటు నిండుగా ఉంటే అటు వదిలేయండి. వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్ తగ్గిపోతుంటే వూఫర్‌ను తిట్టకండి. చిన్న స్పీకర్లను కాపాడుకోవడానికి కొన్ని కంపెనీ స్టీరియోలు తామే అలా కోత పెడతాయి.

అద్దాలు దించి అర్ధరాత్రి వీధిలో మోగిస్తే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు అడ్డొస్తాయి: నివాస ప్రాంతంలో రాత్రి పది తర్వాత హద్దు 45 డెసిబెల్లు. చెవికీ లెక్క ఉంది. 85 డెసిబెల్ల దగ్గర ఎనిమిది గంటలు, 100 దగ్గర పదిహేను నిమిషాలు, అంతే.

బిల్లు కట్టేముందు షాపతన్ని బానెట్ ఎత్తమనండి. బ్యాటరీ పక్కన ఫ్యూజు, రేకు కన్నంలో రబ్బరు గ్రోమెట్ కనిపించాయా చూడండి. రెండింట్లో ఏది లేకపోయినా పెట్టించాకే డబ్బివ్వండి.