పెన్సిలు, రబ్బరు, తొంభై నిమిషాలు

గోదావరి ఒడ్డున ఉన్న మంథనికి మంత్రపురి అనీ పేరు. వేదపండితుల ఊరు. అక్కడి కుర్రాడు టోక్యో కుర్రాడితో సుడోకులో తలపడాలంటే ఇప్పుడు విమానం ఎక్కనక్కర్లేదు. నెట్టు, ప్రింటరు ఉంటే చాలు.

మన దేశంలో ఈ పోటీలకు పెద్ద దిక్కు లాజిక్ మాస్టర్స్ ఇండియా. ప్రపంచ పజిల్ సమాఖ్య కూడా ఏటా సుడోకు, పజిల్ గ్రాండ్ ప్రీలను విడతలవారీగా ఆన్‌లైన్లో నడుపుతుంది. నియమాల పుస్తకం ముందే ఇస్తారు. అసలు ప్రశ్నపత్రానికి మాత్రం తాళం! ఇచ్చిన గడువులో వీలైన వేళ ‘ప్రారంభించు’ నొక్కితే పాస్‌వర్డ్ వస్తుంది, గడియారం పరుగు మొదలవుతుంది. గ్రాండ్ ప్రీలో 90 నిమిషాలు. కాగితం మీద సాధించి, గుర్తు పెట్టిన వరుసల్లోని అంకెలను వెబ్‌సైట్లో నింపాలి. కష్టాన్ని బట్టి మార్కులు. అన్నీ ముందే ముగిస్తే అదనం.

సుడోకు ఒక్కటే అనుకుంటే పొరపాటు. నూరికాబేలో గళ్లను నల్లబరుస్తూ సముద్రం, దీవులు విడదీయాలి. స్లిదర్‌లింక్‌లో చుక్కలు కలుపుతూ ఒకే ఒక్క వలయం గీయాలి. భాష రాకపోయినా ఫర్వాలేదు, తర్కం కావాలి. ఊహించి గీస్తే మాత్రం సగం సమయం రబ్బరుకే!

ఇక ముఖాముఖి పోటీల సంగతికొస్తే, తొలి ప్రపంచ పజిల్ పోటీ 1992లో న్యూయార్క్‌లో, తొలి ప్రపంచ సుడోకు పోటీ 2006లో ఇటలీలోని లుక్కాలో జరిగాయి. 2017లో రెండింటికీ బెంగళూరే వేదిక.