డికెన్స్ మిల్లు, ఆళ్వారుస్వామి గడి

19వ శతాబ్దపు ఇంగ్లీషు నవల చేతికి తీసుకున్న నిజామాబాద్ విద్యార్థికి ఒక చిక్కు వస్తుంది. అక్కడ దొర లేడు, వెట్టి లేదు. పనికి కూలి ఇస్తారు, కోర్టులున్నాయి. మరి పెత్తనం ఎక్కడ దాక్కుంది?

డికెన్స్‌కు అది చిన్నప్పుడే తెలిసింది. 1824లో అప్పు తీర్చలేదని తండ్రిని లండన్‌లోని మార్షల్‌సీ జైల్లో పెడితే, పన్నెండేళ్ల కొడుకు బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో పాలిష్ డబ్బాలకు చీటీలు అంటించాడు. 'హార్డ్ టైమ్స్' (1854)లో ఆ పెత్తనం మిల్లు యజమాని బౌండర్‌బీ రూపంలో వస్తుంది. కూలీలు కష్టం చెప్పుకుంటే, వీళ్లకు బంగారు చెంచాతో సూపు కావాలట అని వెక్కిరిస్తాడు. గడి అరుగు మీద కూర్చున్న దొర నోట కూడా ఇమిడిపోయే మాట అది. కానీ అదే నవలలో యూనియన్ నాయకుడు ఉత్త వాగుడుకాయ. డికెన్స్ జాలిపడే కార్మికుడు స్టీఫెన్ యూనియన్‌లో చేరడు. ఒంటరి కూలీని డికెన్స్ ప్రేమిస్తాడు, నలుగురు కూడితే భయపడతాడు. నాకైతే ఇదే ఆయన హద్దు.

వట్టికోట ఆళ్వారుస్వామి ఆ హద్దు దాటాడు. 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టి, ఇతరుల ఇళ్లలో వంట చేసి, హోటల్లో సర్వరుగా నిలబడ్డ మనిషి. ఆయన 'ప్రజల మనిషి' నవలలో జనానికి ఆశ దొర మనసు మారడం కాదు, సంఘం.

ఆ ఆశ గాలిలోంచి రాలేదు. అలాంటి సంఘమే ఆంధ్ర మహాసభ; 1937లో దాని ఆరో సమావేశం నిజామాబాద్‌లోనే జరిగింది, మందుముల నరసింగరావు అధ్యక్షుడు. ఆ ఏడే బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. ఇంగ్లండులో మిల్లులు లేచాక 'హార్డ్ టైమ్స్' లాంటి నవలలు వచ్చాయి. ఇక్కడ గడీ, వెట్టీ ఉండగానే చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం లేచింది.

సంఘం దారి జైలుకూ తీసుకెళ్లింది. 1948లో నిజామాబాద్ ఖిల్లా జైల్లో ఆళ్వారుస్వామి, కవి దాశరథి కలిసి ఖైదీలు. దాశరథి బొగ్గుతో గోడల మీద కవిత్వం రాశాడు. తర్వాత తన కవితా సంపుటి 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు.

ఇద్దరు రచయితల తేడాకు పాఠకులూ కారణమే. రెండు పెన్నీల వారపత్రికలో డికెన్స్ రాసింది ఎక్కువగా మధ్యతరగతికి, అంటే మనసు మారితే పనులు మారగల వాళ్లకు. ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఉర్దూ చదువులు రాజ్యమేలుతున్న చోట తెలుగు పుస్తకాలను తానే మోసుకుంటూ ఊరూరా అమ్మాడు.