యూనివర్సిటీలో సీటు వస్తే సరిపోదు, ఉండేందుకు చోటు ఎట్ల దొరుకుతది?

రాసినది: 9వ తరగతి విద్యార్థిని



పోయిన సంచికలో "పెద్దయ్యాక ఏం కావాలె" అని మన క్లాసు వాళ్ళం రాసినం. టీచరు, నర్సు, కలెక్టరు అని రాసినం. చాలామంది "హైదరాబాద్ పోయి ఉస్మానియా యూనివర్సిటీలో చదువుతా" అని కూడా రాసిండ్రు. కానీ అక్కడ రాత్రి ఎక్కడ పండుకుంటరో ఒక్కరూ రాయలేదు. మనం చిన్నప్పటి నుంచి ఆశ్రమ పాఠశాలలోనే ఉన్నం కదా. పెట్టె పట్టుకొని వస్తే చాలు, దుప్పటి, పళ్ళెం, అన్నం అన్నీ ఇక్కడే ఉంటయి. అందుకని చదువు ఉన్న చోట ఉండే చోటు దానంతట అదే ఉంటది అనుకుంటం. యూనివర్సిటీలో అట్ల కాదు. చదువుకు సీటు వేరు, హాస్టల్ సీటు వేరు. రెండింటికి రెండు దరఖాస్తులు, రెండు లిస్టులు.

మా గూడెం నుంచి ఎం.ఏ. చదవడానికి పోయిన అక్క దండారి పండుగకు వచ్చినప్పుడు ఇవన్నీ అడిగి నోట్‌బుక్కులో రాసుకున్నాను. కొన్ని మన లైబ్రరీ పేపర్లలో చదివినవి.

ముందు యూనివర్సిటీ గురించి కొంచెం. ఉస్మానియా 1918లో మొదలైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెట్టించిండు. మొదట్లో ఉర్దూలో పాఠాలు చెప్పేవాళ్ళు. పుస్తకాల్లో బొమ్మ ఉంటది చూడండి, పెద్ద రాతి బిల్డింగు, అది ఆర్ట్స్ కాలేజీ. 1939లో తెరిచిండ్రు. క్యాంపస్ వెయ్యి ఎకరాలకు పైన ఉంటది. అంటే మన గూడెం, మన చేన్లు, పక్క గూడెం అన్నీ పెట్టినా ఇంకా జాగ మిగులుతది. అంత జాగ ఉన్నా హాస్టల్ గదులు అందరికీ సరిపోవు, ఎందుకంటే రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లలు వస్తరు.

ఇంటర్ అయినంక డిగ్రీ చదవాలంటే "దోస్త్" అనే ఆన్‌లైన్ పద్ధతిలో కాలేజీ ఎంచుకోవాలె. ఇది 2016 నుంచి ఉంది. డిగ్రీ అయినంక పీజీకి పోవాలంటే సీపీగెట్ అనే పరీక్ష రాయాలె. ఈ రెండింటిలో మనకు వచ్చేది చదువు సీటు మాత్రమే. ఆ కాగితం చూసి ఇంట్లో అందరు సంతోషపడతరు. అసలు పని అప్పుడే మొదలయితది.

అడ్మిషన్ అయినంక హాస్టల్‌కు వేరే దరఖాస్తు పెట్టాలె. దానికి చీఫ్ వార్డెన్ ఆఫీసు వేరుగా ఉంటది. ఏ ఊరు, ఇల్లు ఎంత దూరం, ఏ కోర్సు, ఏ రిజర్వేషన్ అని చూసి లిస్టు వేస్తరు. ఊర్లోనే ఇల్లు ఉన్నవాళ్ళ కంటే దూరం వాళ్ళకు ముందు ఇస్తరు. ఇది మనకు మంచిదే. ఒకసారి పీజీ చేసి మళ్ళీ ఇంకో పీజీలో చేరినవాళ్ళకు స్కాలర్‌షిప్ రాదు, హాస్టల్ కూడా దొరకడం కష్టం.

క్లాసులు మొదలయిన రోజే ఆ లిస్టు రాదు. కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు పడుతది. ఆ మధ్య రోజుల్లో ఎక్కడ ఉండాలె? నా లెక్కన మనలాంటి వాళ్ళ చదువు ఆగేది ఇక్కడే. అక్కతో పాటే సీటు వచ్చిన ఇంకో అక్క ఉండేది. మార్కులు ఆమెకే ఎక్కువ. కొన్ని రోజులు ఒక ప్రైవేటు హాస్టల్‌లో ఉంది. నెల డబ్బులు, అడ్వాన్సు కలిపి ఒకేసారి అడిగిండ్రు. వాళ్ళ బాపు పత్తి అమ్మిన డబ్బులు అక్కడికే అయిపోయినయి. లిస్టు వచ్చేలోపలే పెట్టె సర్దుకొని వచ్చేసింది. తర్వాత లిస్టులో ఆమె పేరు ఉందట. ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు పత్తి ఏరడానికి పోతున్నది.

ఆ రోజులు గడవడానికి పిల్లలు చేసేది ఏమిటంటే, హాస్టల్ దొరికిన సీనియర్ గదిలో చాప వేసుకొని ఉంటరు. ఇట్ల ఉండేవాళ్ళను "నాన్ బోర్డర్లు" అంటరు. ఉస్మానియాలో ఈ మాట తెలియనివాళ్ళు ఉండరు. రూలు ప్రకారం ఇది తప్పు. తనిఖీ వస్తే వెళ్ళగొడతరు. కానీ సీనియర్ల గదులే లేకపోతే ఊర్ల నుంచి వచ్చిన చాలామంది మొదటి నెల దాటేవాళ్ళు కాదని అక్క అంటది. నాకు రెండూ నిజమే అనిపిస్తది. ఎందుకంటే మెస్ లెక్క చూడండి.

చాలా యూనివర్సిటీ మెస్సుల్లో నెల ఖర్చును తిన్నవాళ్ళ రోజులతో భాగిస్తరు. లెక్క కోసం అంకెలు నేనే వేసుకున్నా. 100 మంది, 30 రోజులు తింటే 3,000 రోజులు. ఖర్చు 2,40,000 రూపాయలు అయితే రోజుకు 80, నెలకు 2,400. ఇంకో 20 మంది లెక్కలో లేకుండా తింటే ఖర్చు 2,88,000 అయితది. అప్పుడు లెక్కలో ఉన్నవాళ్ళకు నెలకు 2,880 పడుతది. అంటే ఒక్కొక్కరికి 480 ఎక్కువ. ఆ 480 కట్టేది కూడా మనలాంటి పిల్లే కదా. అందుకే నాన్ బోర్డర్ అయినా తిన్నదానికి డబ్బులు ఇచ్చి తినడం న్యాయం అని నా అభిప్రాయం. గది పంచుకోవచ్చు, పప్పు ఊరికే రాదు.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి స్కాలర్‌షిప్ గురించి చెప్తాను. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో రెండు భాగాలు ఉంటయి. ఒకటి కాలేజీ ఫీజుకు, రెండోది తిండికి, ఉండడానికి. రెండోదాన్ని ఎంటీఎఫ్ అంటరు. ఈ-పాస్ అనే దాంట్లో దరఖాస్తు పెట్టాలె, ప్రతి ఏడాది మళ్ళీ రెన్యువల్ చేసుకోవాలె. హాజరు 75 శాతం ఉండాలె. కేంద్రం రూలు ప్రకారం ఎస్టీ పిల్లలకు అమ్మానాన్నల ఆదాయం ఏడాదికి 2,50,000 రూపాయలు దాటకూడదు. వచ్చేది వస్తది గానీ ఆలస్యంగా వస్తది. మెస్ బిల్లు మాత్రం నెల నెల వస్తది! అందుకే మొదటి రెండు మూడు నెలలకు ఇంటి నుంచి కొంచెం డబ్బు పెట్టుకోవాలె.

యూనివర్సిటీ హాస్టల్ కాకుండా గిరిజన సంక్షేమ శాఖ వాళ్ళ పోస్ట్ మెట్రిక్ హాస్టళ్ళు కూడా ఉంటయి. ఈ సంగతి చాలామందికి తెలియదు. కాలేజీ ఒక చోట, ఈ హాస్టల్ ఇంకో చోట ఉంటది, బస్సులో పోయి రావాలె. వీటిలో తిండి డబ్బులు 2024 నవంబర్‌లో పెంచిండ్రు. ఇంటర్ నుంచి పీజీ దాక నెలకు 1,500 ఉన్నది 2,100 చేసిండ్రు. మన 8, 9, 10 తరగతులకు 1,100 ఉన్నది 1,540 చేసిండ్రు. భాగించి చూస్తే వాళ్ళకు రోజుకు 70 రూపాయలు, మనకు 51 రూపాయలు. మూడు పూటలకు, మధ్యలో గుడ్డుకు కూడా అందులోనే. (గుడ్డు రోజూ ఎందుకు పెట్టరని అడిగే చెల్లెళ్ళు ఈ లెక్క చూడాలె.)

బయట గది తీసుకుందాం అంటే యూనివర్సిటీ చుట్టుపక్కల తార్నాక, విద్యానగర్, అడిక్‌మెట్, మాణికేశ్వర్ నగర్, హబ్సిగూడ ఉన్నయి. అక్కడ విద్యార్థులు చాలామంది ఉంటరు. గది ఒక్కరే తీసుకుంటే కిరాయి మోయలేం. నలుగురు కలిసి తీసుకొని వండుకుంటే కొంచెం నయం. అడ్వాన్సు ఎంత, తిరిగి ఇస్తరా, కరెంటు బిల్లు వేరేనా, నీళ్ళు ఎన్ని గంటలకు వస్తయి, రాత్రి గేటు ఎప్పుడు వేస్తరు, ఇవి ముందే అడగాలె. డబ్బు ఇస్తే రసీదు తీసుకోవాలె. కొందరు కులం అడుగుతరు, "మీరు ఏం తింటరు" అని అడుగుతరు. అక్కను ఒక ఇంట్లో అట్లనే అడిగి, తర్వాత గది లేదన్నరు. మనం దాచుకోవలసిన పని లేదు. ఇంకో ఇల్లు వెతకాలె, కానీ ఆ రోజు చాలా ఏడుపు వచ్చిందట.

ఆడపిల్లల హాస్టల్ దానంతట అది రాదు అనడానికి ఒక సంగతి ఉంది. నిజాం కాలేజీ కూడా ఉస్మానియాదే. అక్కడ కొత్తగా కట్టిన ఆడపిల్లల హాస్టల్ డిగ్రీ వాళ్ళకు కావాలని 2022 నవంబర్‌లో విద్యార్థినులు రోజుల తరబడి కూర్చొని అడిగిండ్రు. సగం ఇస్తం అంటే ఒప్పుకోలేదు. చివరికి డిగ్రీ అమ్మాయిలకే ఇస్తమని చెప్పిండ్రు. డిగ్రీకి వచ్చే వాళ్ళు మనకంటే మూడు నాలుగేళ్ళే పెద్ద. వాళ్ళు అంత గట్టిగా నిలబడిండ్రంటే నాకు ఆశ్చర్యం అయింది.

హైదరాబాద్ దూరం అని భయం ఉంటే వేరే దారులు ఉన్నయి. గిరిజన గురుకుల డిగ్రీ కాలేజీలు 2017 నుంచి ఉన్నయి. వాటిలో మన స్కూలు లెక్కనే చదువు, హాస్టల్ కలిసే ఉంటయి. వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీ 1976 నుంచి ఉంది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటులో చట్టం అయింది. మా బాపు అయితే ములుగే మంచిది అంటడు. నాకు మాత్రం ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఎక్కాలని ఉంది.

ఇప్పటి నుంచే చేయగలిగిన పని కాగితాలు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, బోనఫైడ్లు, టీసీ, ఆధార్, మన పేరు మీద బ్యాంకు ఖాతా. అన్నింటిలో పేరు ఒకే తీరుగా ఉండాలె. మన ఇంటిపేర్లు రాసేవాళ్ళకు సరిగ్గ రావు. ఆత్రం, మడావి, పెందూర్ లాంటి పేర్లు ఇంగ్లీషులో ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా ఉంటయి. పదో తరగతి మెమోలో పడిన పేరే తర్వాత అన్ని చోట్లా అడుగుతరు. కాబట్టి మనం పదిలోకి పోయినప్పుడు, నామినల్ రోల్స్ పంపకముందే ఆధార్ పక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం చూసుకోవాలె.

ఇక దారి. మన వైపు నుంచి పోయే బస్సు జేబీఎస్‌లో దింపుతది. పక్కనే పరేడ్ గ్రౌండ్ మెట్రో స్టేషన్ ఉంది. నాగోల్ వైపు పోయేది ఎక్కితే సికింద్రాబాద్ ఈస్ట్, మెట్టుగూడ, తర్వాత తార్నాక. అక్కడ దిగాలె. మెట్రోకు టికెట్ కొనాలె. సిటీ బస్సు అయితే ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు ఉచితం, 2023 డిసెంబర్ 9 నుంచి. ఊరి నుంచి కూడా ఎక్స్‌ప్రెస్‌లో ఉచితమే. పగలు చేరేటట్టు బయలుదేరాలె.

మన స్కూల్లో చదివి పోయిన అక్కలు ఏ ఊర్లో, ఏ హాస్టల్‌లో ఉన్నరో రాయడానికి లైబ్రరీలో ఒక నోట్‌బుక్కు పెట్టినం. నీలం అట్టది, కిటికీ పక్క బల్ల మీద ఉంది. మీ గూడెం నుంచి ఎవరైనా పోయి ఉంటే వచ్చే ఆదివారం లోపల వాళ్ళ సంగతి రాయండి. ఇప్పటిదాక ఏడుగురి పేర్లు వచ్చినయి.