ఒక జాబితా, పది జేబులు

మీ ఆఫీసులో ఎవరో కొత్త డీలరు నంబరు ఎక్కిస్తే, కాసేపటికల్లా అది మీ అందరి ఫోన్లలోనూ ప్రత్యక్షమైందట. ఎలాగా అని అడుగుతున్నావు. చెబుతాను తల్లీ. కానీ రావడంలో పెద్ద విడ్డూరమేమీ లేదు. అదే నంబరును ఒకరు తీసేస్తే అందరి ఫోన్లలోంచీ ఎలా పోతుందో అడుగు. అసలు చిక్కంతా అక్కడుంది.

మనింట్లో పెళ్లి అనుకో. శుభలేఖలు పంచాల్సిన వాళ్ల జాబితా మీ పెద్దనాన్న దగ్గరుంది. దాని నకళ్లు జేబులో పెట్టుకుని ఒక బాబాయి తెనాలి వైపు, ఇంకో బాబాయి ఏలూరు వైపు బయల్దేరారు. తెనాలి బాబాయి దారిలో కొన్ని పేర్లు చేర్చాడు. ఇంటి దగ్గర పెద్దనాన్న కొన్ని తీసేసి, జాబితా శుభ్రంగా తిరగరాశాడు. సాయంత్రం రెండూ పక్కపక్కన పెడితే, తెనాలి కాగితంలో ఉన్న పేరొకటి పెద్దనాన్న కాగితంలో లేదు. అది తెనాలిలో కొత్తగా చేరిందా, ఇక్కడ కావాలని తీసేసిందా? ఆ కాగితాలెంతసేపు చూసినా తేలదు.

కంప్యూటర్లదీ ఇదే తంటా. అందుకే ఉమ్మడి జాబితా ఉండే సర్వరు దేన్నైనా తీసేశాక కూడా పూర్తిగా మరిచిపోదు. ‘ఫలానా పద్దు ఉండేది, తీసేశాం’ అని చిన్న గుర్తు అట్టేపెట్టుకుంటుంది. ఇంజనీర్లు దాన్ని టూంబ్‌స్టోన్ అంటారు. ఆ గుర్తే లేకపోతే, సొరుగులో ఆర్నెల్లు పడున్న పాత ఫోనును ఎవరైనా ఆన్ చేయగానే, ఎప్పుడో పోయిన నంబర్లన్నిటినీ కొత్తవనుకుని అది మళ్లీ ఎక్కించేస్తుంది. ఇక ఫలానా పద్దు అని పేరుతో చెప్పినా కుదరదు. ఏ తెలుగు ఆఫీసులో చూసినా శ్రీనివాసరావులు నలుగురుంటారు కదా! అందుకని ప్రతి పద్దుకూ యూఐడీ అని ఇంకెవరికీ లేని ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు. పేరు మారినా, నంబరు మారినా అది మారదు.

ఈ తంటా పాతదే. 1996లో పామ్ వారి పైలట్ అనే చేతి కంప్యూటరు వచ్చింది. దాన్ని ఒక పీఠంలో నిలబెట్టి హాట్‌సింక్ మీట నొక్కితే, బల్లమీది కంప్యూటరుతో లెక్క సరిచూసుకునేది. క్రితంసారి తర్వాత మారిన పద్దులకు ముందే గుర్తు పెట్టుకునేది కాబట్టి అవి మాత్రమే అటూ ఇటూ మారేవి. కానీ మధ్యలో ఇంకో కంప్యూటరుతో జతకలిపితే ఆ గుర్తులను నమ్మడానికి లేదు. మొదటి నుంచీ చివరి దాకా అన్నీ పోల్చాల్సిందే. ఇద్దరి మధ్య సులువుగా జరిగిపోయే పని, మూడోవాడు వచ్చేసరికి మొదటికొస్తుంది. ఆఫీసు జాబితాకు ఇద్దరు ముగ్గురు కాదు, పదిమంది వాటాదారులు!

ఈ తలనొప్పికి మందుగా అందరూ ఒప్పుకున్న పద్ధతులు పుట్టాయి. క్యాలెండర్ల కోసం క్యాల్‌డావ్ 2007లో, కాంటాక్టుల కోసం కార్డ్‌డావ్ 2011లో ప్రమాణాలయ్యాయి. వీటిలో మూలప్రతి ఒక్కటే, అది సర్వరులో ఉంటుంది. ఫోన్లవన్నీ నకళ్లే. సర్వరు ఫోనుకు సింక్ టోకెన్ అని ఒక చీటీ ఇస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు ఫోను ఆ చీటీ చూపించి, ‘దీని తర్వాత ఏం మారింది?’ అని అడుగుతుంది. మారినవి, పోయినవి, అంతవరకే సర్వరు చెబుతుంది. వేల నంబర్లున్నా క్షణంలో పని అయిపోవడానికి కారణం ఇదే.

మరి ఒకే నంబరును నువ్వూ, మీ మేనేజరుగారూ ఒకేసారి మారిస్తే? ఆఖరున రాసినవారి మాటే చెల్లుతుంది అనుకోవచ్చు. కానీ ఆఖరున ఎవరు రాశారో ఏ గడియారం చెప్పాలి? రెండు ఫోన్ల గడియారాలు ఒక్కలా నడవాలని లేదు. గడియారాలను నమ్ముకోకుండా సంఘటనల వరస ఎలా తేల్చాలో లెస్లీ లాంపోర్ట్ 1978లోనే ఒక వ్యాసంలో చూపించాడు. కార్డ్‌డావ్ కూడా గడియారం జోలికి పోదు. పద్దు మారినప్పుడల్లా సర్వరు దానికి ఈట్యాగ్ అనే కొత్త ముద్ర వేస్తుంది. నీ ఫోను పాత ముద్రతో దిద్దుబాటు పంపితే, ‘నువ్వు చూసిన తర్వాత ఇది మారింది, ముందు కొత్తది తీసుకో’ అని తిప్పి పంపేస్తుంది.

తెలుగు పేర్లతో ఇంకో తమాషా ఉంది. వీకార్డ్ అనే చీటీ రూపంలో నంబర్లు ప్రయాణిస్తాయి. దాన్ని 1990లలో యాపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎం, సీమెన్స్ కలిసి తయారుచేశాయి. అందులో ఒక వరుస 75 బైట్లు దాటకూడదంటారు, దాటితే విరిచి రాయాలి. ‘వెంకటేశ్వర్లు’ అన్న పేరు ఇంగ్లీషులో 13 అక్షరాలు, 13 బైట్లు. తెలుగులో రాసినా వత్తులు, గుణింతాలతో సహా 13 గుర్తులే, కానీ యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో గుర్తుకు మూడు చొప్పున 39 బైట్లు! తెలివితక్కువ ప్రోగ్రాము ఏదైనా గుర్తు మధ్యలో విరిచిందంటే, అవతలి ఫోనులో పేరు బదులు పిచ్చిగీతలు కనిపించవచ్చు.

క్యాలెండరు కష్టం వేరు. న్యూయార్కు వాళ్లతో వారం వారం వాళ్ల ఉదయం తొమ్మిదింటికి మీటింగు ఉందనుకో. చలికాలంలో మనకది రాత్రి ఏడున్నర. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారాలు గంట ముందుకు తిప్పుతారు, మనం తిప్పం. ఆ మర్నాటి నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మనకది సాయంత్రం ఆరున్నరే. అందుకే మంచి క్యాలెండరు మన ఏడున్నరను రాసుకోదు. ‘న్యూయార్కు సమయం తొమ్మిది’ అని ఊరి పేరుతో సహా రాసుకుని, ఎప్పటి లెక్క అప్పుడు కడుతుంది.

ఇంతా చేసి కొన్ని ఆఫీసుల్లో ఉమ్మడి జాబితా కంప్యూటరులో కనిపిస్తుంది, ఫోనులో కనిపించదు. ఫోను చెడిందని తిట్టుకోకు. మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్‌సింక్ పద్ధతి నీ సొంత మెయిల్‌బాక్సులో ఉన్నవాటినే ఫోనులోకి దింపుతుంది, అందరికీ కలిపి పెట్టిన పబ్లిక్ ఫోల్డర్లను దింపదు. కంపెనీ అందరి పేర్లూ ఉండే పెద్ద జాబితాలో వెతుక్కోనిస్తుంది గానీ, దాన్నీ మొత్తంగా దింపదు.

ఇక నువ్వు గుర్తుంచుకోవలసింది చెబుతాను. నకలు ఎన్ని ఫోన్లలో ఉన్నా, మూలప్రతిలో పోయింది అన్నిటిలోనూ పోతుంది. కాబట్టి సింక్ అంటే బ్యాకప్ కాదు. ఉమ్మడి జాబితాలో దేన్నైనా తీసేసే ముందు, అది నీ ఒక్కదానిదేనా అని చూసుకో. ఉద్యోగం మారిన రోజున ఆఫీసు ఖాతా తీసేస్తే అందులోని నంబర్లన్నీ దాంతోపాటే పోతాయి, పోవాలి కూడా, అవి ఆఫీసువి. అందుకని ఆఫీసు నంబర్లు ఆఫీసు ఖాతాలో, ఇంట్లోవాళ్ల నంబర్లు నీ సొంత ఖాతాలో పెట్టుకో. సొంతవాటిని అప్పుడప్పుడూ ఒక వీసీఎఫ్ (వీకార్డ్) ఫైలుగా తీసి వేరేచోట దాచుకో.