పీఏ కోర్సుకి అప్లై చేస్తున్నారా? ముందు వార్డులోకి వెళ్లండి!

"సిస్టర్, అవ్వ బీపీ 170!" అని గట్టిగా అరిచేశాను. నర్సింగ్ హోంలో హెల్పర్‌గా అది నా మొదటి వారం.

సిస్టర్ వచ్చి ముందు అవ్వని చూశారు. మంత్రాలయం దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చి, మెట్లెక్కి, అప్పుడే మంచం మీద కూలబడింది. నేనేమో కొంగు మీదనే బీపీ పట్టీ కట్టేశా. "తొందరేముంది నాయనా? ఐదు నిమిషాలు కూర్చోనీ. కొంగు తీసి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి మళ్లీ చూడు" అన్నారు. ఈసారి 142 వచ్చింది.

నా మొదటి అంకే కేసు షీట్‌లోకి ఎక్కి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది ఎమ్మిగనూరు. ఇంటర్ బైపీసీ అయ్యింది, నీట్‌లో ర్యాంకు రాలేదు. ఎవరో బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ గురించి చెప్పారు. డాక్టర్ పర్యవేక్షణలో పేషెంట్ వివరాలు సేకరించడం, పరీక్షించడం, రిపోర్టులు చూసుకోవడం, ఆపరేషన్‌లో సాయపడటం పీఏ పని. మన దగ్గర బైపీసీ చాలు, అనుభవం అడగరు. అయినా ఫారం నింపే ముందు ఆరు నెలలు ఆదోనిలో పని చేశాను.

పుట్టిందే అనుభవంలోంచి

1965లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ కోర్సు మొదలుపెట్టారు. మొదటి బ్యాచ్‌లో చేరిన నలుగురూ నేవీలో వైద్య సేవలు చేసి వచ్చినవాళ్లే. అందుకే ఇప్పటికీ అక్కడ చాలా కాలేజీలు వందల గంటల పేషెంట్ కేర్ అడుగుతాయి, కొన్ని వెయ్యి దాటి కూడా. డాక్టర్ వెనకాల నిలబడి చూడటాన్ని వేరుగా లెక్కిస్తారు. మన దేశంలో 1992లో మద్రాస్ మెడికల్ మిషన్‌లో డాక్టర్ కె.ఎం. చెరియన్ ఈ చదువు తెచ్చారు. 2021 నాటి అలైడ్ హెల్త్ చట్టంలో ఈ వృత్తికీ చోటు దక్కింది.

పుస్తకంలో లేని పాఠం

మా వైపు సగం మందికి నొప్పి కన్నడంలోనే వస్తుంది. "తలె సుత్తు" అంటే తల తిరుగుతోందని, "ఎదె నోవు" అంటే ఛాతీ నొప్పి అని అర్థం కాకపోతే పేషెంట్ మంచం పక్కన నిలబడి లాభం లేదు.

ఆ అవ్వనే "మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడిగితే "ఆఁ, ఏసుకుంటాండా" అంది. సిస్టర్ మాత్రం "ఆఖరి మాత్ర ఎప్పుడేసుకున్నావవ్వా?" అన్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. కొడుకూ కోడలితో గుంటూరు వైపు మిరప కోతకు వలస పోయింది. మాత్రలు అక్కడే అయిపోయాయి. రెండు నెలలుగా ఒక్కటీ వేసుకోలేదు!

ప్రశ్న ఒక్కటి మారిస్తే జబ్బు కథే మారిపోయింది. పీఏ పనికి పునాది ఇదే.

మీరూ మొదలుపెట్టాలంటే...

• దగ్గర్లోని నర్సింగ్ హోంలో హెల్పర్ పని అడగండి. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ శిక్షణ ఉంటే ఇంకా మంచిది.

• పక్క మార్చడం, తినిపించడం, బెడ్‌పాన్ పెట్టడం... దేన్నీ చిన్న పని అనుకోవద్దు.

• శిక్షణ లేకుండా ఇంజెక్షన్ ముట్టుకోవద్దు, ఎవరు చెయ్యమన్నా సరే.

• తేదీ, గంటలు, చేసిన పని డైరీలో రాసుకోండి. పేషెంట్ల పేర్లు మాత్రం వద్దు.

• అమెరికా కలలుంటే ఒక మాట. అక్కడ పీఏ అవ్వాలంటే అక్కడి గుర్తింపు ఉన్న కాలేజీలోనే చదవాలి. మన బీఎస్సీతో నేరుగా లైసెన్స్ రాదు.

నాతో చేరిన ఫ్రెండ్ రెండు వారాలకే మానేశాడు. రక్తం చూస్తే వాడికి కళ్లు తిరిగేవి. ఇప్పుడు బీకాం చదువుతున్నాడు, హాయిగా ఉన్నాడు. ఏళ్ల తరబడి కట్టాల్సిన ఫీజు మిగిలింది. అదీ లాభమే కదా!

నేను మాత్రం ఉండిపోయా. ఇప్పుడు పీఏ మూడో ఏడాది. బీపీ చూసే ముందు ఇప్పటికీ పేషెంట్‌ని ఐదు నిమిషాలు కూర్చోబెడతా. ఆ ఐదు నిమిషాల్లోనే అడుగుతా: "ఆఖరి మాత్ర ఎప్పుడేసుకున్నారు?"